ఎకరాకు పది వేలు: ఎవరి ఖాతాలో పడతాయి, ఎవరికి పడవు?

"ఎకరాకు పది వేలు ఇస్తామన్నారు గదా, మావి ఎందుకు పడలేదు?" వరదో వడగళ్లో వచ్చిపోయిన మూడు నాలుగు నెలలకు ఊళ్లలో ఈ మాట వినిపిస్తుంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది కౌలుకు చేసేవాళ్లే. ఆ ఏడాది గట్టు కూడా తొక్కని పట్టాదారు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. నాటు వేసి, మందు కొట్టి, అప్పు తెచ్చి, నీళ్లలో మునిగిన చేను చూసినవాడికి రాదు. ఇందులో కొంత సర్కారు లోపం ఉంది, కొంత కాగితం లోపం ఉంది. కాగితం లోపాన్ని మాత్రం వాన రాకముందే మనం సరిచేసుకోవచ్చు. అందుకే ఈ డబ్బు ఎక్కడ పుడుతుందో, ఏ దారిలో వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఒకసారి మొదటినుంచి చూద్దాం.

ఇది నష్టపరిహారం కాదు

అందరూ నష్టపరిహారం అంటారు, పేపర్లూ అలాగే రాస్తాయి. సర్కారు కాగితాల్లో దాని పేరు ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పెట్టుబడి రాయితీ. పోయిన పంట విలువ కట్టించడం దీని పని కాదు. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి కొంత చేయూత, అంతే. ఈ తేడా తెలియకపోవడం వల్లే "నాకు లక్ష పోతే ఇరవై వేలా?" అని ఆఫీసుల్లో గొడవపడటం జరుగుతుంది. గొడవపడటంలో తప్పు లేదు, కానీ అడగాల్సిన చోట అడగాలి. ఆ రేటు మండల అధికారి చేతిలో ఉండేది కాదు.

2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు స్పందన నిధి ఉంటుంది. తెలుగు రాష్ట్రాలకు అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఆ నిధి నుంచి దేనికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోంశాఖ ముందే రేట్లు కట్టి పెడుతుంది. 2022-23 నుంచి 2025-26 వరకు కట్టిన రేట్లు ఇవి: వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, మామిడి, నిమ్మ లాంటి తోటలకు 22,500. మన ఎకరాల్లోకి మారిస్తే మెట్ట పంటకు సుమారు 3,440, తరి పంటకు 6,880, తోటకు 9,100 రూపాయలు. అదీ రైతుకు 2 హెక్టార్ల వరకే, అంటే దాదాపు 5 ఎకరాలు. పది ఎకరాలు మునిగినా లెక్క ఐదు దగ్గరే ఆగుతుంది.

మరి ఎకరాకు పది వేలు ఎక్కడినుంచి వచ్చాయి? ఆ పై మొత్తం రాష్ట్రాలు తమ ఖజానా నుంచి కలిపి ఇచ్చేది. 2023 మార్చిలో వడగళ్లకు తెలంగాణలో మొక్కజొన్న, మామిడి, మిరప దెబ్బతిన్నప్పుడు అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖర్ రావు ఖమ్మం జిల్లాకు వచ్చి ఎకరాకు 10 వేలు ప్రకటించారు. అప్పుడు లెక్క తేలింది 2,28,258 ఎకరాలు, డబ్బు సుమారు 228 కోట్లు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మం, మహబూబాబాద్ వైపు మునిగినప్పుడు రేవంత్ రెడ్డి కూడా అదే 10 వేలు అన్నారు. అవే రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ సెప్టెంబరులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000 ప్రకటించింది. అదీ ఎకరాకు తిప్పితే దాదాపు పది వేలే.

అంటే కేంద్రం రేటుకు చట్టం, నిధి, రాతపూర్వక నియమాలు ఉన్నాయి. దానిపైన రాష్ట్రం కలిపేది ఆ ఏడాది ముఖ్యమంత్రి ప్రకటన, దాని వెనక వచ్చే జీవో మీద ఆధారపడి ఉంటుంది. నిరుడు ఇచ్చారు కాబట్టి ఈసారీ అంతే ఇస్తారన్న గ్యారంటీ ఎక్కడా లేదు. ప్రకటన విన్నాక జీవో వచ్చిందా లేదా, అందులో ఏ జిల్లాలు, ఏ పంటలు ఉన్నాయి అన్నది చూసుకోవాలి.

ముప్పై మూడు శాతం అనే గీత

పంట 33 శాతం లేదా అంతకు మించి దెబ్బతింటేనే ఈ రాయితీ. 2015కు ముందు ఇది 50 శాతం ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో తగ్గించారు. తగ్గించడం మంచిదే. అయినా గీత గీతే: 30 శాతం పోయిందని రాస్తే సున్నా, 35 అని రాస్తే పూర్తి రేటు. ఈ శాతాన్ని మిషను తేల్చదు. పొలం గట్టు మీద నిలబడి మండల వ్యవసాయ అధికారో, ఆయన కింది ఉద్యోగో, రెవెన్యూ మనిషో కలిసి కంటిచూపుతో తేలుస్తారు. తోటలైతే ఉద్యాన శాఖవాళ్లు. కాబట్టి వాళ్లు వచ్చే రోజు మీరు పొలంలో ఉండాలి. గట్టు మీదినుంచి చూస్తే పచ్చగా కనిపించే వరి లోపలికి దిగితే పొట్టదశలో కుళ్లి ఉండొచ్చు. లోపలికి తీసుకెళ్లి చూపించేది మీరే.

ఇంకో సంగతి. ఏ ఆపదకైనా ఈ నిధి తెరవరు. కేంద్రం జాబితాలో 12 విపత్తులే ఉన్నాయి: తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు విరగడం, మంచుచరియలు పడటం, కుంభవృష్టి, తెగుళ్ల దాడి, మంచు-శీతల గాలులు. వీటికి బయట ఉన్న స్థానిక విపత్తులకు రాష్ట్రాలు తమ నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు. అడవిపంది తొక్కేసిన చేను ఈ లెక్కలోకి రాదు. అకాల వర్షం అన్న పేరు కూడా ఆ జాబితాలో లేదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో వానలు పడ్డప్పుడు వడగళ్లు పడ్డాయా లేదా అన్నది నివేదికలో చాలా ముఖ్యం అవుతుంది.

ఆ నెలల్లోనే మరో దెబ్బ ఉంది. కోసి కల్లంలోనో కొనుగోలు కేంద్రంలోనో కుప్పపోసిన వడ్లు తడిస్తే దానికి ఇన్‌పుట్ సబ్సిడీ రాదు. చేలో నిలబడి ఉన్న పంటకే అది. తడిసిన ధాన్యం విషయంలో సర్కారు చేసేది ఒకటే: రంగు మారిన గింజ, మొలకెత్తిన గింజ విషయంలో కొనుగోలు నిబంధనలు సడలించమని చెప్పడం. మామూలుగా తేమ 17 శాతం దాటకూడదు. సడలింపు రాకపోతే మిల్లరు తరుగు తీస్తాడు. ఆ తరుగు భారం రైతే మోస్తాడు, దానికి ఏ పద్దూ లేదు. నాకు తెలిసి ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే పెద్ద చిల్లు ఇదే. ఆరుగాలం కాపాడుకున్న పంట చివరి వారంలో పోతే కాగితం మీద అది నష్టమే కాదు.

పేరు ఎక్కడ ఎక్కుతుంది?

డబ్బు ఎవరికి అన్నది వరద వచ్చాక కాదు, అంతకు ముందే సగం తేలిపోతుంది. ఆంధ్రలో ఈ-పంట నమోదు ఉంది. రైతు సేవా కేంద్రం, అదే మొన్నటిదాకా రైతు భరోసా కేంద్రం, అక్కడి వ్యవసాయ సహాయకుడు సర్వే నంబరు వారీగా ఏ పంట, ఎంత, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసుకుంటాడు. తరవాత రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ. తెలంగాణలో ఏఈవోలు తమ క్లస్టరులో పంటల నమోదు చేస్తారు. నష్టం రాసేటప్పుడు ఈ నమోదునే ముందు తెరుస్తారు. మీరు పత్తి వేస్తే అందులో మొక్కజొన్న అని ఉందనుకోండి, లేదా పొలం ఖాళీ అని ఉందనుకోండి, అప్పుడు నీళ్లలో నిలబడి ఎంత మొత్తుకున్నా కష్టమే.

విత్తనం వేసిన నెలలోపు ఒకసారి ఆ కేంద్రానికో రైతు వేదికకో వెళ్లి "నా పేరున ఏమి రాశారు, చూపించండి" అని అడగండి. పది నిమిషాల పని. ఆడవాళ్లు వెళ్లి అడిగినా చెప్పాలి. పొలం పనంతా చేసేది వాళ్లే అయిన ఇళ్లు మనలో తక్కువేం లేవు.

కౌలుదారు కథ

ఒక లెక్క వేసి చూద్దాం. ఖమ్మం వైపు ఒక షేక్ కుటుంబం నాలుగు ఎకరాలు కౌలుకు తీసుకుని వరి వేసిందనుకోండి. కౌలు ముందే కట్టారు. దున్నకం, నాటు, ఎరువు, మందు అన్నీ కలిపి ఎకరాకు ముప్పై వేలు అయ్యాయనుకుందాం. మొత్తం లక్షా ఇరవై వేలు. వరదకు మూడు ఎకరాలు పూర్తిగా పోయాయి, ఎత్తున ఉన్న ఒక ఎకరంలో పావువంతు పోయింది. ఎకరాకు పది వేలు అన్న ఏడాదిలో మూడు ఎకరాలకు 30 వేలు వస్తాయి. నాలుగో ఎకరం 33 శాతానికి లోపు, కాబట్టి సున్నా. రాష్ట్రం ఏమీ కలపని ఏడాదైతే ఆ మూడు ఎకరాలకు వచ్చేది ఇరవై వేల చిల్లర. ఇదంతా పేరు సరిగ్గా ఎక్కితే. పేరు పట్టాదారుదే ఉంటే ఆ ముప్పై వేలు ఆయన ఖాతాలో పడతాయి. కౌలుదారుకు మిగిలేది షావుకారు దగ్గరి అప్పు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. తెలంగాణలో అది ఏళ్లుగా మూలపడింది. 2020లో ధరణి వచ్చినప్పుడు పహాణీలో సాగుచేసేవాడి పేరు రాసే కాలమే తీసేశారు. దాంతో కౌలుదారు కాగితం మీద మాయమైపోయాడు. 2023 వడగళ్లప్పుడు కౌలు రైతులకూ డబ్బు అందేలా చూడాలని ముఖ్యమంత్రి స్వయంగా చెప్పారు. ముఖ్యమంత్రి నోటితో చెప్పాల్సి వచ్చిందంటేనే మామూలు పద్ధతిలో అది జరగదని అర్థం.

ఆంధ్రలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దాని కింద ఇచ్చేదే సీసీఆర్‌సీ, ఊళ్లో కౌలు కార్డు అంటారు. పదకొండు నెలలకు చెల్లుతుంది. దీనికి పట్టాదారు ఒప్పుకోలు, సంతకం కావాలి. చిక్కంతా ఆ సంతకం దగ్గరే. సంతకం పెడితే రేపు పొలం తనదే అంటాడేమోనని భూమి ఉన్నవాళ్ల భయం. చట్టంలో చూస్తే భూమి హక్కుకూ ఈ కార్డుకూ సంబంధం లేదని స్పష్టంగా ఉంది. అది పంట మీద హక్కు మాత్రమే, గడువు తీరితే అంతటితో సరి. ఈ సంగతి ఇరువైపులా కూర్చోబెట్టి చెప్పగలిగే పెద్దమనిషి ఊరికొకరు ఉంటే సగం గొడవ తీరిపోతుంది.

కార్డు దొరకని చోట ఏం చేయాలి? కనీసం తెల్లకాగితం మీదైనా కౌలు ఒప్పందం రాయించుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ పంటకాలం, ఎంత కౌలు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. కౌలు డబ్బు చేతికి కాకుండా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కట్టండి, అదే రుజువు అవుతుంది. ఎరువుల షాపు బిల్లులు మీ పేరున అడగండి. నష్టం రాసే బృందం వచ్చినప్పుడు ఇవి చూపించి "సాగు నాది, నా పేరు రాయండి" అని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. ఇస్తారని హామీ లేదు, కానీ వట్టి చేతులతో అడగడం కన్నా నయం.

ఇక్కడ మనవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మసీదుకు, దర్గాకు, ఆషుర్‌ఖానాకు ఉన్న ఇనాం భూములు, వక్ఫ్ భూములు చాలా ఊళ్లలో కౌలుకే నడుస్తున్నాయి. చేసేవాళ్లలో మన బిరాదరీ పేదలూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. ఎక్కువచోట్ల అంతా నోటిమాటే: ముతవల్లీకో కమిటీకో ఏడాదికింత అని ఇచ్చేస్తారు, రశీదు కూడా ఉండదు. వరద వచ్చాక చూస్తే రికార్డులో పేరు మసీదుది, చేసినవాడి దగ్గర ఏ కాగితమూ లేదు. "ఇది వక్ఫ్ జమీను, నిషేధిత జాబితాలో ఉంది, మేం రాయం" అనే జవాబు వస్తుంది. ఆ జాబితా అమ్మకం, రిజిస్ట్రేషను ఆపడానికి పెట్టింది. పంట నమోదు ఆపడానికి కాదు. పోయిన పంట మసీదుది కాదు, సాగుచేసినవాడిది. కమిటీవాళ్లు ప్రతి పంటకాలం ముందు ఒక కౌలు పత్రం, డబ్బు తీసుకున్నప్పుడు ఒక రశీదు ఇస్తే ఖర్చేమీ ఉండదు. ఏడాదికి మించి కౌలు ఇవ్వాలంటే వక్ఫ్ బోర్డు ముందస్తు అనుమతి కావాలి కాబట్టి, ఏడాదిలోపు పత్రం రాసుకోవడం రెండువైపులా మేలు. పొరుగు పట్టాదారు సంతకం పెట్టలేదని మనం నిందిస్తున్నప్పుడు మన కమిటీలు కూడా అదే చేస్తుంటే ఏం బాగుంటుంది?

పేరు ఒకటే, రాతలు మూడు

రెవెన్యూ మాటల్లో సగం ఉర్దూ, ఫార్సీ నుంచి వచ్చినవే. తహసీల్దార్, పహాణీ, పట్టాదార్, విరాసత్, ఖరీఫ్, రబీ. అయినా మన పేర్లు రాసేటప్పుడు మాత్రం ఆఫీసుకొక తీరు. ఆధార్‌లో "షేక్ ఖాజా మొహిద్దీన్", పాసుపుస్తకంలో "ఎస్.కె. ఖాజామొద్దీన్", బ్యాంకులో వట్టి "ఖాజా". ఆడవాళ్లకు మరీ కష్టం: ఒకచోట బీ, ఒకచోట బేగం, ఒకచోట ఏమీ ఉండదు. పాసుపుస్తకం పేరు, ఆధార్ పేరు కలవకపోతే ఈ-కేవైసీ దగ్గరే ఆగుతుంది. ఇది విపత్తు వచ్చాక హడావుడిగా సరిచేసుకునే పని కాదు. ఏ కాగితం మార్చడం తేలికో చూసుకుని, ఎండాకాలం ఖాళీలో మీసేవకో సచివాలయానికో వెళ్లి ఒకే రాతలోకి తెచ్చుకోండి.

బ్యాంకు దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆధార్ ద్వారా వేసే డబ్బు మీరు కాగితంలో రాసిచ్చిన ఖాతాలోకే వస్తుందని లేదు. మీ ఆధార్‌కు చివరిసారి ఏ బ్యాంకు ఖాతా లింకయిందో అందులోకి పోతుంది. గ్యాస్ సబ్సిడీకో, పిల్లల స్కాలర్‌షిప్‌కో, ఎవరో టెంటు వేసి తెరిపించిన ఖాతాకో అది లింకయి ఉండొచ్చు. డబ్బు రాలేదనుకుని నెలలు తిరిగి, చివరికి మరిచిపోయిన ఖాతాలో ఉందని తేలడం అరుదేం కాదు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు లింకు స్థితి చూస్తే ఏ బ్యాంకో చూపిస్తుంది. ఆ ఖాతా వాడక మూతబడి ఉంటే డబ్బు వెనక్కి పోతుంది.

నిజామాబాద్, కరీంనగర్, కడప, రాయచోటి వైపు ఇళ్లలో పొలం కొడుకు పేరున ఉంటుంది, కొడుకు కువైట్‌లోనో సౌదీలోనో ఉంటాడు. వేలిముద్రకు మనిషి లేడు, ఓటీపీకి ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు పనిచేయదు. సెలవుకు వచ్చినప్పుడు చేసుకోవాల్సిన పనుల్లో ఇప్పుడు వాడే నంబరు ఆధార్‌లో ఎక్కించడం ఒకటి. సాగు భార్యో తండ్రో చేస్తుంటే సాగుదారుగా వాళ్ల పేరు రాయించడం ఇంకొకటి.

అబ్బా చనిపోయి ఏళ్లయినా పాసుపుస్తకం ఆయన పేరునే ఉన్న ఇళ్లు ఇంకా ఎక్కువ. అన్నదమ్ములు ఎవరి మడి వాళ్లు చేసుకుంటారు, అక్కచెల్లెళ్ల హిస్సా తేలదు, విరాసత్‌కు ఎవరూ కదలరు. రికార్డులో ఉన్న మనిషి లేడు కాబట్టి ఈ-కేవైసీ కాదు, రాయితీ రాదు. హిస్సాలు తేలేదాకా ఆగక్కరలేదు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ తీసుకుని వారసులందరి పేర్లు, చెల్లెళ్లతో సహా, ఎక్కించుకుంటే పంపకాలు తరవాతయినా చేసుకోవచ్చు.

మేకలు, కోళ్లు, ఇసుక మేట

పొలం లేనివాళ్లకు ఈ నిధిలో ఏమీ లేదనుకుంటారు. ఉంది. పాడి గేదె, ఆవు చనిపోతే ఒక్కోదానికి 37,500 రూపాయలు, ఇంటికి మూడు వరకు. మేక, గొర్రె అయితే 4,000, ముప్పై వరకు. ఎద్దుకు 32,000, దూడకో గాడిదకో 20,000. కోడికి 100, ఇంటికి మొత్తం పది వేలు మించకుండా. ఇవి కేంద్రం రేట్లు, రాష్ట్రం పెంచి ఇవ్వొచ్చు. పన్నెండు మేకలు కొట్టుకుపోయిన ఇంటికి 48,000 వస్తాయి. పైన చెప్పిన మూడు ఎకరాల వరికన్నా అది ఎక్కువ. బర్డ్ ఫ్లూ లాంటి వాటికి వేరే పథకం ఉంటే కోళ్లకు ఇక్కడ ఇవ్వరు.

మేకల దగ్గర జరిగే పొరపాటు ఒకటే. వాసన వస్తుందని, రోగాలొస్తాయని తొందరగా పాతిపెట్టేస్తారు. పాతిపెట్టాల్సిందే, కానీ ముందు పశువైద్యుడికి ఫోన్ చేయాలి, ఫోటోలు తీయాలి, ఊరి అధికారి సమక్షంలో పంచనామా రాయించాలి. తేదీ, చోటు కనిపించేలా ఫోటో తీసే యాప్ ఫోన్లో ఉంచుకోండి. టీకాలు వేయించేటప్పుడు పశువుల ఆసుపత్రి రిజిస్టరులో మీ పేరున ఎన్ని జీవాలో రాయించుకుంటే, తరవాత "నీకు అన్ని మేకలు ఎక్కడివి?" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది.

ఏటి పక్క పొలాల్లో పంటతో పాటు భూమి కూడా పోతుంది. మూడు అంగుళాలకు మించి ఇసుక మేట వేస్తే దాన్ని తీయించుకోవడానికి చిన్న, సన్నకారు రైతులకు హెక్టారుకు 18,000, అంటే ఎకరాకు 7,280 దాకా వస్తుంది. ఏరు దారి మార్చుకుని భూమే కోసుకుపోతే హెక్టారుకు 47,000. ఇది పంట రాయితీకి వేరు. విడిగా అడగాలి, విడిగా రాయించాలి. పంట నష్టం రాసి వెళ్లిపోయిన బృందాన్ని "ఇసుక సంగతేంటి?" అని అడిగేవాళ్లు తక్కువ.

జాబితా పెట్టిన రోజు

నష్టం రాయడం రెండు దఫాలు. వాన తగ్గిన రోజుల్లో వచ్చేది ప్రాథమిక అంచనా, పేపర్లలో లక్షల ఎకరాలని వచ్చేది అదే. నీళ్లు తీశాక పొలం పొలం తిరిగి రాసేది అసలు జాబితా, అది ఎప్పుడూ తగ్గే ఉంటుంది. కేంద్ర బృందం కార్లలో వచ్చి ఫోటోలు చూసి వెళ్లడం రాష్ట్రానికి అదనపు నిధులు అడిగే తంతు. మీ పేరు రాసేది వాళ్లు కాదు.

అసలు జాబితాను ఊళ్లో అతికించి అభ్యంతరాలు అడగాలి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రం గోడ మీద పెడతారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. జుమా రోజు మసీదు దగ్గర "లిస్టు పెట్టారు, చూసుకోండి" అని ఒక ఎలాన్ చేస్తే ఎంతోమందికి ఉపయోగం. పేరు లేకపోతే నోటితో చెప్పి రావద్దు, అర్జీ రాసి రశీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేటులో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. అర్జీలో "న్యాయం చేయండి" అని కాకుండా ఇంత రాయండి: సర్వే నంబరు, పంట, నీళ్లు వచ్చిన తేదీ, బృందం వచ్చిన తేదీ, జాబితాలో ఏముంది, ఏముండాలి. సమాచార హక్కు కింద మీ ఊరి నష్టం జాబితా ప్రతి కూడా అడగొచ్చు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. తెలుగు రాష్ట్రాల్లో ఊరి స్థాయి ఆఫీసులో అర్జీకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు.

పంటల బీమాను దీనితో కలిపేయకండి. అది ప్రీమియం కట్టినవాళ్లకు కంపెనీ ఇచ్చేది. తెలంగాణ 2020లో కేంద్ర బీమా పథకం నుంచి బయటికొచ్చింది. ఆంధ్ర మళ్లీ 2022లో చేరింది. బీమా ఉన్నచోట వడగళ్ల లాంటి స్థానిక నష్టాన్ని 72 గంటల్లోపు 14447కు ఫోన్ చేసి చెప్పాలి. కోసి చేలో ఆరబెట్టిన పంట తుపానుకో అకాల వర్షానికో తడిస్తే రెండు వారాల దాకా బీమాలో చోటుంది. ఇన్‌పుట్ సబ్సిడీలో లేనిది ఇక్కడ కొంత దొరుకుతుంది.

బ్యాంకు అప్పు సంగతి కూడా వేరే. 33 శాతానికి మించి పంట పోయిన ప్రాంతాన్ని ప్రభుత్వం ప్రకటిస్తే, రిజర్వు బ్యాంకు 2018 మార్గదర్శకాల ప్రకారం పంట రుణం గడువు పెంచి ఇవ్వొచ్చు. నష్టం 50 శాతంలోపు అయితే రెండేళ్లు, మించితే ఐదేళ్ల దాకా. దీనికి మీరు బ్యాంకుకు వెళ్లి అడగాలి. అడగకపోతే పాత గడువుకే నోటీసు వస్తుంది, మళ్లీ కొత్త అప్పు పుట్టదు. ఖాతాలో పడ్డ రాయితీ డబ్బును పాత బాకీ కింద జమ చేసుకున్నారేమో కూడా అదే రోజు పాసుబుక్కు ప్రింటు వేయించి చూసుకోండి. అలా జరిగితే బ్రాంచి మేనేజరుకు రాసిచ్చి, ఆ కాగితం ప్రతిని జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు పంపండి.